శనివారం చీమలు

నాచారంలో మేము అద్దెకుండే ఇంటి మూడో అంతస్తులో రెండే వాటాలు. ఒకటి మాది, ఎదురుగా ఉన్నది ఒక అమ్మాయిది. మధ్యలో నాలుగడుగుల వరండా, అందులో ఓ మూల వాళ్ళ తులసి కుండీ. ఆ అమ్మాయికి అప్పటికే రెండుసార్లు కడుపు పోయింది. ఇప్పుడు మూడోసారి, ఐదో నెల. మెట్లు దిగొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. భర్త పోచారంలో కంపెనీ ఉద్యోగులకు క్యాబు నడుపుతాడు, పొద్దున పోతే మళ్ళీ చీకటి పడ్డాకే. పగలంతా ఆమెకు నేనే దిక్కు. ఈసారి బిడ్డ నిలవాలని ఆమె ఎంత కోరుకుందో నేనూ అంతే కోరుకున్నాను.

చీమలు సరిగ్గా అప్పుడే మొదలయ్యాయి. అదీ ఎక్కువగా శనివారాలే. గడప కింద నుంచి బారులు తీరి వచ్చి, తిన్నగా నా వంటింట్లోకి. శనివారమే ఎందుకా అని ఆలోచించాను. ఆదివారం చర్చిలో నా దగ్గర చదువుకునే పిల్లల కోసం నేను నువ్వుల ఉండలు చేసేది శనివారమే కాబట్టి, బెల్లం వాసనకు వస్తున్నాయనుకున్నాను. నేను మహా తెలివైనదాన్నని నాకో నమ్మకం.

మందు కొట్టడానికి లేదు. ఎదురింట్లో కడుపుతో ఉన్న పిల్ల, ఆ వాసన ఆమెకు పడుతుందో పడదో. చీమల సుద్దముక్క కూడా వద్దనుకున్నాను. ఇక మిగిలింది పోపుల డబ్బా.

దమ్మాయిగూడలో ఉండే మా ఆడబిడ్డ ఫోనులో చెప్పింది: "గడప పొంటి పసుపు పొయ్యి వదినా, ఒక్కటి గూడ దాటదు." పోశాను. దాటాయి. కాళ్ళకు పసుపు రాసుకున్న పేరంటాళ్ళలా లోపలికి వచ్చాయి. ఫోనులో ఒక వీడియో మిరియాల పొడి అంది, ఇంకొకటి దాల్చినచెక్క అంది. చక్కెరలో వంటసోడా కలిపి పెట్టమని మరొకటి. పెడితే పొద్దునకల్లా చక్కెర లేదు, సోడా మాత్రం ఉంది. మూడు రోజులు మా ఇల్లు బిర్యానీ వాసన వేసింది. మా ఆయన చర్లపల్లిలో ఫ్యాక్టరీ నుంచి వస్తూనే గడప దగ్గర తుమ్మేవారు. రోజూ అన్నానికి ముందు చేసే ప్రార్థనలో "ఈ చీమల బాధ నుండి మమ్మల్ని విడిపించు తండ్రీ" అని చేర్చారు. నన్ను ఆటపట్టించడానికో, నిజంగానో నాకిప్పటికీ తెలియదు. నేను మాత్రం నిజంగానే ఆమెన్ అన్నాను.

చివరికి పని చేసింది వెనిగర్. ఉప్పల్ మార్కెట్ నుంచి నిమ్మకాయలు కూడా తెప్పించాను. ఒక శుక్రవారం సగం నీళ్ళు, సగం వెనిగర్ కలిపి గడప, వరండా మొత్తం తుడిచాను. తులసి కుండీ వాళ్ళది కాబట్టి ముట్టకుండా చుట్టూ తుడిచి, గోడ అంచు పొడవునా నిమ్మచెక్కలతో రుద్దాను. మర్నాడు ఒక్క చీమ లేదు. పై శుక్రవారం కూడా అలాగే చేశాను. గెలిచానని ఎంత మురిసిపోయానో చెప్పలేను.

ఆ రెండు శుక్రవారాల మధ్యనే ఆ అమ్మాయి నాతో మాట్లాడటం మానేసింది. తలుపు కొడితే సగమే తెరిచి, "పండుకున్న అక్కా" అని మూసేసేది. కళ్ళు ఉబ్బి ఉండేవి. నేనేం చేశాను? పంపిన ఆవకాయ ఘాటెక్కువైందా? ఒకసారి నీ కోసం మా చర్చిలో ప్రార్థన చేయిస్తానన్నాను, అది నచ్చలేదా? నాకు మనసు మనసులో లేదు. ఇంట్లో మిషను మీద కుట్టే జాకెట్టుకు రెండు చేతులూ ఎడమవైపువే కుట్టి, మళ్ళీ విప్పాను.

రెండోసారి తుడిచిన మర్నాడు, శనివారం పొద్దున తలుపు తీసేసరికి ఆమె గోడ పట్టుకుని కుండీ పక్కన కూర్చుని ఉంది. ముందు ఒక చిన్న ఆకు, అందులో తెల్లగా ఏదో. ఏడుస్తోంది.

"ఏమైంది బిడ్డా? నొప్పి లేస్తుందా?" అన్నాను.

"నొప్పి గాదక్కా. చీమలు వస్తలేవు."

ఆమె కళ్ళు తుడుచుకుని చెప్పింది. "కడుపు నిలవాలంటే శనివారం శనివారం చీమలకు రవ్వ, చక్కెర పెట్టుమని మా అత్త చెప్పింది. కిందికి పోనీకి లేదు గదా, గీడనే కుండీ ఎనక పెడుతున్న. మస్తు వస్తుండె. పోయినవారం ఒక్కటి రాలే. ఇయ్యాల గూడ రాలే. అవి ముట్టలేదంటే ఏందక్కా అర్థం? ఈ పాప గూడ..."

తర్వాతి మాట అననివ్వలేదు. పక్కన కూలబడి ఆమె చేయి పట్టుకున్నాను. సిగ్గుతో నా ముఖం మండిపోయింది.

"నేనే చేసిన. వెనిగర్ పెట్టి తుడిచిన. నిమ్మకాయ రాసిన. అందుకే అవి రాలే. నువ్వు ఫికర్ చేయకు."

ఆమె నా ముఖంలోకి చూసి, బలవంతంగా నవ్వింది. "నా పానం కుదుట పడాలని గట్ల అంటున్నవ్. నీ మనసు నాకు తెల్వదా అక్కా."

వెనిగర్ సీసా తెచ్చి చూపించాను. అయినా నమ్మలేదు. ఇరవై ఏళ్ళుగా పిల్లలకు అబద్ధమాడకూడదని చెప్పేదాన్ని, నిజం చెప్పినా పనికి రాలేదు.

ఆమె లోపలికి వెళ్ళాక వరండా మంచినీళ్ళతో కడిగాను. సాయంత్రం మళ్ళీ కడిగాను. మర్నాడూ కడిగాను. గడప దగ్గరి పసుపు గీసి తీశాను. నా వంటింటి నుంచి కుండీ దాకా బెల్లం పొడి సన్నగా చల్లాను. రావద్దన్నప్పుడు బారులు తీరినవి, రమ్మంటే ఒక్కటీ రావడం లేదు. చీమలకు చక్కెర పెడితే బిడ్డ నిలుస్తుందని నేను నమ్మను. మరి మోకాళ్ళ మీద కూర్చుని గోడ పగుళ్ళలోకి తొంగి చూస్తూ "రండమ్మా, రండి" అంటున్నది ఎవరు? పాస్టరుగారు చూస్తే ఏమంటారో అనిపించింది. చూస్తే చూడనీ అనుకున్నాను.

వారమంతా ఆ అమ్మాయి సరిగ్గా తినలేదు. నేను కలిపి పెడితే రెండు ముద్దలు. డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి రమ్మంటే, "పోయి ఏం వినాలె అక్కా" అంది. ఆ మాటకు నేను బాత్రూములోకి వెళ్ళి ఏడ్చాను.

తర్వాతి శనివారం కుట్టుమిషను దగ్గర ఉన్నాను. ఎదురు తలుపు ధడాలున తెరుచుకుంది.

"అక్కా! జల్ది రా! సూడు, వచ్చినయి!"

పరుగెత్తాను. ఆకు అంచు నల్లగా కదులుతోంది. ఒక్కో చీమ ఒక్కో రవ్వ పలుకు నెత్తిన పెట్టుకుని గోడెక్కుతోంది. ఆమె నా భుజం మీద తల పెట్టి నవ్వుతూ ఏడ్చింది. ఉన్నట్టుండి నా చేయి లాక్కుని పొట్ట మీద పెట్టుకుంది. లోపల చిన్నగా ఏదో తన్నింది. "సోమవారం డాక్టరమ్మ దగ్గరికి పోదామక్కా," అంది.

సాయంత్రానికి సగం బారు మా గడప దాటి నువ్వుల ఉండల డబ్బాలోకి చేరింది. డబ్బా దులిపి మూత పెట్టాను, పసుపు జోలికి పోలేదు.

అన్నాలకు కూర్చున్నాం. మా ఆయన ఎప్పటిలాగే కళ్ళు మూసుకుని, "ఈ చీమల బాధ నుండి..." అని మొదలుపెట్టారు. నేను అడ్డుపడ్డాను.

"చీమల్ని పంపినందుకు నీకు స్తోత్రం తండ్రీ," అన్నాను.

ఆయన ఒక కన్ను తెరిచి నన్ను చూశారు. నేను ఆమెన్ అని కంచంలో చేయి పెట్టాను.