గాలి సెన్సార్‌పై బహిరంగ విచారణ

విచారణ జరపకుండా ఏ యంత్రభాగాన్నీ దోషి అనకూడదన్నది మెకానిక్ బావ ఏకైక సిద్ధాంతం. షెడ్డులో బల్బు మాడిపోయినా ముందు స్విచ్చి వాదన వింటాడు. అంతదాకా అందరూ చీకట్లో కూర్చోవలసిందే.

న్యాయశాస్త్రం చదివి, లోకంలోని ప్రతి తీర్పూ సాయంత్రంలోగా వెలువడాలని నమ్మే మరదలికి ఈ జాప్యం ఒళ్లుమంటగా ఉండేది. ఆ ఉదయం మరీను. ఇంటి కారు ఇంజన్ వణికి, హెచ్చరిక దీపం వెలిగింది. అరవై దాటాక డ్రైవింగ్ నేర్చుకున్న అమ్మ నడుపుకునే కారది. "ఇంకోసారి బండికి ఏమైనా అయితే తాళాలు నా బీరువాలోకే" అని అక్క అంతకుముందే చెప్పేసింది. అమ్మ చేతిసంచి పట్టీని మెలిపెడుతూ షెడ్డు గుమ్మంలో నిలబడింది.

కారుకు తగిలించగానే, లోపాలు పట్టే స్కానర్ గాలి సెన్సార్ పేరు చెప్పింది.

"తేలిపోయింది బావా! మార్చెయ్."

"అది ఫిర్యాదు, తీర్పు కాదు. లాయరువి, నీకు నేనా చెప్పాలి?"

మొదట రబ్బరు గొట్టానికి పిలుపు వెళ్లింది. ఎక్కడా చిరగలేదని తేలి అది బయటపడింది. తర్వాత స్పార్క్ ప్లగ్‌ను విప్పి, వెలుతురుకు పట్టి, "ఇంజన్ వణికినప్పుడు నువ్వేం చేస్తున్నావు?" అని నిలదీశాడు.

"ఏమందేం?" అంది అక్క.

"మాట్లాడటం లేదు. అది దాని హక్కు."

నిర్దోషి అని తేలాక ప్లగ్‌కు క్షమాపణ చెప్పి, మెత్తటి గుడ్డతో తుడిచి, సగౌరవంగా యథాస్థానానికి పంపాడు.

"ఏవండీ, దానికి కాఫీ కూడా కలపమంటారా?"

చివరికి గాలి సెన్సార్ వైరు ఊడదీసి ఇంజన్ నడిపాడు. వణుకు ఆగింది. లోపలికి ఎంత గాలి వెళుతోందో చెప్పవలసినది అబద్ధం చెబుతోందన్నమాట. బయటికి లాగి చూస్తే దాని సన్నని తీగ నిండా జిడ్డు. బావ వాసన చూశాడు. పక్కనే ఉన్న గాలి ఫిల్టర్‌నూ తీసి వాసన చూశాడు. అది నిగనిగలాడుతోంది. తలనూనె!

గుమ్మంలో సంచి పట్టీ మెలికలు తిరగడం మానేసింది.

"ఎవరి పని ఇది?" అక్క గొంతు లేచింది.

"ఎవరిదీ కాదు. గాలిలోనే నూనె ఉంది."

"గాలిలో తలనూనా?" మరదలు నడుం మీద చేతులు వేసుకుంది.

"ఊళ్లో ఇన్ని తలలున్నాయి. పొద్దున్నే అందరూ ఒక్కసారి దువ్వుకుంటే గాలి ఏమైపోవాలమ్మా?"

న్యాయమూర్తే తప్పుడు సాక్ష్యం చెప్పడాన్ని మరదలు ఏ పుస్తకంలోనూ చదవలేదు. అభ్యంతరం చెప్పబోయి, అమ్మ ముఖం చూసి, ఆ మాటను మింగేసింది.

"జరగొచ్చక్కా" అంది.

బావ సెన్సార్‌పై శుభ్రపరిచే మందు కొట్టి, ఆరబెట్టి, "మొదటి తప్పు కనుక వదిలేస్తున్నా" అని మందలించి బిగించాడు. కొత్త ఫిల్టర్ వేసి, స్కానర్‌లోని ఫిర్యాదు కొట్టేశాడు. దీపం ఆరింది. అక్క చేతిలోని తాళం తీసుకెళ్లి అమ్మకిచ్చాడు.

అక్క లోపలికి వెళ్లేదాకా ఆగి, కారు కిటికీ దగ్గర వంగాడు.

"అత్తయ్యా, ఫిల్టర్‌ను దులిపితే చాలు. నూనె రాసి జడ వెయ్యక్కర్లేదు."

మరదలు ఆ వెనకే చెవులు రిక్కించి నిలబడింది.

"పాపం, ఎండిపోయినట్టు కనిపిస్తే రాశాను బాబూ" అంటూ అమ్మ ఠీవిగా గేరు వేసింది. "జడ మాత్రం వెయ్యలేదు. ఒట్టు!"