జాకెట్టుకు జిల్లా అంతా సలహాదారులే

ముందే చెప్పేస్తున్నాను. ఉన్నది ఉన్నట్టు చెప్పడం నా వల్ల కాదు. ఆవగింజంత జరిగితే గుమ్మడికాయంత చేసి చెబుతాను. అందుకని చదివేవాళ్లు ఎవరికి వారు సగం తగ్గించుకోండి. జాకెట్టును మాత్రం తగ్గించకండి, అసలే బిగుతు.

డేటా చవకై మా విజయనగరంలో పిల్లా పెద్దా ఫోన్లకు అతుక్కుపోయిన కొత్తలో, శ్రీకూర్మంలో మా బావమరిది పెళ్లి కుదిరింది. పెళ్లికొడుక్కి ఒక్కతే అక్క, మా ఆవిడ. మా వైపు పెళ్లిలో ఆడపడుచంటే కలెక్టరు కూడా లేచి నిలబడాలి. ఆ హోదాకు తగ్గ పట్టుచీర వచ్చింది. జాకెట్టూ వచ్చింది. తొడుక్కోబోతే చెయ్యి మోచేతి దాకా వెళ్లి, ఔటర్లో రైలులా ఆగిపోయింది. కుట్టినవాడేమో కొట్టుకు తాళం వేసి యాత్రలకు పోయాడు. ఎల్లుండే పెళ్లి.

"ఇది సరిగ్గా అవ్వకపోతే నాను పెళ్లికి రాను. తమ్ముడికి మీరే సెప్పుకోండి," అంది మా ఆవిడ. అన్నదంటే అన్నట్టే.

మా ఊరి కబుర్లకు ఫేస్‌బుక్‌లో ఓ గ్రూపు ఉండేది. జాకెట్టును ప్రహరీ గోడ మీద పరిచి, ఫోటో తీసి, "రేపటికల్లా దీన్ని వదులు చేసేవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని పెట్టాను. తుపానుకు కొబ్బరికాయలు రాలినట్టు జవాబులు రాలాయి.

"మా పిన్నత్త కుడతాది బావా. కానీ మనసు బాగుంటేనే కుడతాది."

"ఇజీనారంలో ఏటున్నాది? సిక్కోలు పట్టుకొచ్చీ."

"ఏం, ఇజీనారంలో సూదుల్లేవేటి?"

అంతే, విజయనగరం, శ్రీకాకుళం రెండు జిల్లాలూ సరిహద్దు దగ్గర కత్తెరలు పట్టుకుని నిలబడ్డాయి. ఈలోగా ఇంకొకాయన, "ఇంతకీ బోయినాల్లో సేప ఉంటాదా మావా?" అని అడిగాడు. పెళ్లినాడు ఉండదు, మర్నాడు ఉంటుందన్నాను. ఆ ఒక్క మాటకు పడినన్ని లైకులు నా జన్మలో దేనికీ పడలేదు. కొందరు వస్తామని కూడా చెప్పారు.

"ఏటి, నా జాకెట్టుని జిల్లా అంతటికీ సూపించీసేరా?" అని మా ఆవిడ ఫోను లాక్కుంది. సరిగ్గా అప్పుడే మందారప్పువ్వు బొమ్మ పెట్టుకున్న ఎవరో రాశారు: "సంక కింద మిగులు బట్ట ఒగ్గకుండా కోసీసేడు. సీర లోచెంగులోంచి ముక్క తీసి అతికితే సాలు. గోడ మీంచి ఇలగివ్వండి."

ఏ గోడ మీంచి? మా ఆవిడ ఫోటోను మళ్లీ చూసింది. జాకెట్టు వెనకాల పక్కింటివాళ్ల మునగచెట్టు నిక్షేపంలా కనిపిస్తోంది. ఆ చెట్టు కొమ్మ మా వైపు వంగింది. దానికి కాసిన ములక్కాడలు ఎవరివన్న తగువుతో మా ఆవిడకూ పక్కింటావిడకూ ఏళ్ల తరబడి మాటల్లేవు. ఆవిడ ఇంట్లో మిషను కుడుతుందని మాకు తెలియక కాదు. మా వైపువాళ్లం అలిగితే అంతే. పక్కింట్లో సూది ఉన్నా జిల్లా అంతా వెతుకుతాం.

మా ఆవిడ జాకెట్టు పట్టుకుని గోడ దాకా వెళ్లి బొమ్మలా నిలబడింది. చివరికి అటునుంచే గొంతు వచ్చింది.

"ఏటలగ నిలబడిపోనావు? సీర కూడా తే. ముక్క అందులోంచే కదేటి తియ్యాల."

"మరి ఆ ములక్కాడలు..."

"ఓలమ్మో! ముందు సెయ్యెత్తు, కొలత తియ్యనీ."

ఆ సాయంత్రం మిషను చప్పుడు కంటే వాళ్లిద్దరి కబుర్లే గట్టిగా వినిపించాయి.

పెళ్లిలో ఆ జాకెట్టుతో మా ఆవిడ నడిచొస్తుంటే పురోహితుడు మంత్రం మరిచిపోయాడు. సన్నాయి ఆగిపోయింది. పెళ్లికూతురు సిగ్గు పక్కన పెట్టి తలెత్తి చూసింది.

ఇదిగో, నేను అల్లింది ఈ ముక్కే. నిజానికి ఆ జాకెట్టును ఎవరూ చూడలేదు. అందరి కళ్లూ పెళ్లికూతురి మీదే. మా ఆవిడ మాత్రం తలంబ్రాలైనా కాకముందే నాచేత ఫోటో తీయించి పక్కింటికి పంపింది. జవాబు వెంటనే వచ్చింది.

"భుజం కాడ సిన్న ముడతున్నాది. రాగానే పట్రా, సరిసేసిత్తాను. ములక్కాడలు కోసి ఉంచాను."