లక్ష్మక్క రక్తంలో గొర్రెలు

పావగడ తాలూకా తిరుమణి దగ్గర సోలార్ పలకల కింద మేసిన గొర్రెల మంద ఒకటి వానకు తడిసి రోడ్డు దాటుతోంది. బస్సు ఆగింది. తడి ఉన్ని వాసన కిటికీలోంచి లోపలికి కొట్టింది. అందరూ ముక్కు మూసుకున్నారు. నాకు మాత్రం డాక్టర్ సుశీలమ్మ గుర్తుకొచ్చారు. తొంభైల కరువులో పావగడ బస్టాండు వెనక ఆమెకు చిన్న ఆస్పత్రి ఉండేది. నేనప్పుడు ఒక దినపత్రికకు తాలూకా విలేకరిని.

మా ఊరి లక్ష్మక్క భర్త పోయి చాలా ఏళ్ళు. శెనక్కాయ పంట ఎండిపోతే మంద మీదే ఇల్లు నడిపేది. నెలసరి ఆగిందని వస్తే సుశీలమ్మ రక్తం తీసి బెంగళూరు ల్యాబుకు పంపారు. రిపోర్టు తేవడానికి వెళ్ళిన మరిది హనుమంతప్ప దాన్ని దారిలో ఎవరిచేతనో చదివించుకున్నాడు. గర్భం అని ఉంది. ఊరంతా చెప్పి, వదినను గడప తొక్కనివ్వలేదు. చదువుకున్నవాణ్ణని లక్ష్మక్క నన్ను తోడు పిలిస్తే, ముగ్గురం ఆస్పత్రికి వెళ్ళాం. అక్కడ చేసిన మూత్రపరీక్షలో గర్భం లేదని వచ్చింది.

“రక్తంలో ఉండాది గదమ్మా! బెంగళూరోళ్ళు అబద్ధం రాస్తారా?” అన్నాడు హనుమంతప్ప.

సుశీలమ్మ లక్ష్మక్క వైపు తిరిగారు. నిజం చెప్పమని నిలదీయలేదు. “మందలో ఏమేం పని చేస్తావు లక్ష్మక్కా?” అని అడిగారు.

“అన్నీ నేనే గదమ్మా. గొర్రె ఈనేటప్పుడు పిల్ల అడ్డం తిరిగితే చెయ్యి పెట్టి లాగేదీ నేనే. ఈయప్ప ఆడ నిలబడుకొని చూస్తాడు.”

“చేతికి పుండ్లుంటాయా?”

“శెనక్కాయ పెరికినోళ్ళకు పుండ్లు లేని చెయ్యి యాడుంటాదమ్మా?”

అప్పుడామె ఎప్పుడో చదువుకున్నది గుర్తుచేసుకుని మాకు వివరించారు. ఏళ్ళ తరబడి గొర్రె రక్తం పుండ్లలోకి చేరితే, దాన్ని ఎదుర్కొనే యాంటీబాడీలను ఒళ్ళు తయారుచేసుకుంటుంది. రక్తపరీక్షలో వాడే మందునూ కొన్నిచోట్ల గొర్రె నుంచే తీస్తారు. ఆ యాంటీబాడీలు ఈ మందును పట్టుకుంటే, గర్భం లేకపోయినా ఉన్నట్టు పరీక్ష చూపిస్తుంది. మూత్రంలోకి అవి దిగవు.

“అంటే కడుపైంది గొర్రెకా?” అన్నాడు హనుమంతప్ప.

“నీ తలకాయకు! నోరు మూసుకోప్పా,” అంది లక్ష్మక్క.

గొర్రె మందు వాడని ఇంకో ల్యాబుకు మళ్ళీ రక్తం పంపారు. ఫలితం వచ్చేదాకా లక్ష్మక్క ఆస్పత్రి వరండాలోనే ఉంది. నేను లక్ష్మక్కను నమ్ముతున్నానని సుశీలమ్మతో అన్నాను. ఆమె మెచ్చుకోలేదు.

“నువ్వు నమ్మితే ఆమెకేం వస్తాదప్పా? ఒకే ఊరోళ్ళు గదా, పొద్దస్తమానం ఆమె ఏం చేస్తాదో ఎప్పుడన్నా అడిగినావా?”

అడగలేదు.

రెండో రిపోర్టులో గర్భం లేదని వచ్చింది. నెలసరి ఆగింది వయసు వల్లేనని సుశీలమ్మ చెప్పారు. హనుమంతప్ప నేల చూస్తూ, “ఇంటికి పోదాం పా వదినా,” అన్నాడు.

“ఊరంతా తిరిగి చెప్పినోడివి నువ్వే గదా. ఇదీ నువ్వే చెప్పు. ముందు బస్సుకు పో. నేను ఎనక బస్సుకు వస్తా.”

అతను లేచి వెళ్ళాడు. ఆమె తాపీగా టీ తాగింది.

ఆ తర్వాత విలేకరిగా, ముద్ర వేసిన ఆఫీసు కాగితాలు నా బల్ల మీదికి చాలా వచ్చాయి. వాటిలో పేరున్న మనిషి దగ్గరికి వెళ్ళి, పొద్దున లేస్తే ఏం పని చేస్తారని అడగకుండా ఒక్కటీ అచ్చుకు పంపలేదు. కొందరు విసుక్కున్నారు. కొందరు చేతులు చాపి చూపించారు.