మయూఖకు మెరుగు పెట్టినవాడు

మయూఖ కారు పేరు మళ్లీ వస్తోందన్న పుకారును ప్లేటింగ్ మేస్త్రి ఇంటికి మోసుకొచ్చింది అతని బావమరిది. ఏదో కొత్త కంపెనీ ఖరీదైన సెడాన్ ఒకటి తయారుచేస్తోందట. దానికి ఎన్నడో ఆగిపోయిన ఆ కారు పేరే పెడతారట. కంపెనీ అవుననలేదు, కాదనలేదు. కార్ల పిచ్చి ఉన్నవాళ్లు మాత్రం దీపాల ఆకారం నుంచి చక్రాల కొలత దాకా ఊహించి రాసేస్తున్నారు. బావమరిది ఫోనులో అవన్నీ చదివి వినిపిస్తుంటే మేస్త్రి దగ్గు ఆపుకుని ఒక్కటే అడిగాడు.

“పేరు తీసుకుంటే, ఆ పేరుమీద పనిచేసినవాళ్ల సంగతి?”

పాత కార్ఖానాలో ఆ కారు వెనుక బిగించే మూడు ఇత్తడి అక్షరాలకు పూత వేసింది మేస్త్రే. వాటిని ముందు నికెల్ తొట్టిలో, తర్వాత క్రోమిక్ ఆమ్లం తొట్టిలో వేలాడదీసేవాడు. కరెంటు పారగానే లోహం చుట్టూ సన్నటి హైడ్రోజన్ బుడగలు లేచేవి. పైకొచ్చి పగిలిన ప్రతి బుడగా కంటికి ఆనని ఆమ్లపు తుంపరను గాలిలోకి చిమ్మేది. గాలిని బయటికి లాగే ఫ్యాను ఉండేది గానీ, అది తిరిగిన రోజులు తక్కువ. ఆ తుంపర రెండు ముక్కుపుటాల మధ్య గోడను నొప్పి తెలియకుండా తినేస్తుంది. అక్కడ చిల్లు పడ్డ కొత్తవాణ్ణి, ముక్కు కుట్టించుకున్నావు కాబట్టి ఇక మావాడివేనని పాతవాళ్లు ఆటపట్టించేవారు. తన వంతు వచ్చినప్పుడు మేస్త్రీ నవ్వాడు. వాసనలు తెలియడం మానేశాక కూడా నవ్వాడు. కార్ఖానా మూతబడిన చాలాకాలానికి ఊపిరితిత్తిలో గడ్డ కనిపించినప్పుడు మాత్రం నవ్వు రాలేదు.

అది ఆ పనివల్ల వచ్చిందేనని కంపెనీ ఒప్పుకుంటే కార్మికుల ఆస్పత్రిలో చేర్చుకుంటారని డాక్టరు చెప్పాడు. ఒప్పుకోవడానికి కంపెనీ ఏదీ? ఇన్నాళ్లకు దాని పేరు తిరిగొస్తోంది. పేరొస్తే బాధ్యతా వెంట వస్తుందని మేస్త్రి నమ్మాడు.

“పేరు లేస్తే చచ్చిన కంపెనీ లేచినట్టేనా? ఎండన పడి తిరిగి ఇంకాస్త దగ్గు తెచ్చుకోండి,” అంది భార్య. అన్నదే గానీ, ఉతికిన చొక్కా తీసి మంచంమీద పెట్టింది.

కొత్త కంపెనీ ఆఫీసులో ప్రచారం పనులు చూసే అమ్మాయి అతణ్ణి చూసి పొంగిపోయింది. పాత కార్మికుడు నడిచొచ్చి దొరికాడు. పుకారును ఇంకాస్త ఎగదోసేందుకు చిన్న వీడియో తీసుకుంటామని, ఆ తర్వాత అధికారిని కలిపిస్తానని చెప్పింది. కింద షెడ్డులో తుడిచి నిలబెట్టిన పాత మయూఖలో కూర్చోబెట్టింది.

“సీటు వాసన గట్టిగా పీల్చండి బాబాయ్. పాత రోజులు గుర్తొచ్చినట్టు కళ్లు మూసుకోండి.”

“నాకు వాసన తెలీదమ్మా. ఈ కారు అక్షరాల దగ్గరే పోయింది.”

ఆమె కెమెరా సరిచేసుకుంది. “తెలిసినట్టే చేయండి బాబాయ్. చూసేవాళ్లకి తేడా తెలీదు.”

చేశాడు. మూడోసారికి బాగా కుదిరిందన్నారు.

అధికారి మర్యాదస్థుడు. మంచినీళ్లు తెప్పించి, చెప్పిందంతా అడ్డురాకుండా విన్నాడు. పాత కంపెనీ ఎత్తేశాక దాని ఆస్తులు ముక్కలుగా అమ్ముడుపోయాయనీ, స్థలం ఒకరు, యంత్రాలు ఒకరు తీసుకున్నారనీ వివరించాడు. పనివాళ్లను ఎవరూ తీసుకోలేదు.

“మేం కొన్నది పేరొక్కటే అండీ. మిగతావేవీ మాకు రావు.”

“మరి ఆ పేరుకి మెరుపెక్కడిదండీ?”

“అందుకేగా మీ వీడియో తీసుకున్నాం,” అన్నాడు అధికారి. అతని మాటలో వెటకారం లేదు.

వీడియో బయటికొచ్చింది. మేస్త్రి మూసుకున్న కళ్ల కింద ‘మయూఖ కుటుంబ సభ్యుడు’ అని రాశారు. బావమరిది దాన్ని వీధంతా చూపించాడు. భార్య చివరిదాకా చూసింది.

“కుటుంబంలోవాళ్లకి జబ్బు చేస్తే చూడరా వీళ్లు?” అంది.

తన ముఖం తీసేయమని మేస్త్రి ఫోను చేశాడు. చాలామందికి నచ్చిందనీ, ఇక అది కంపెనీ సొత్తనీ ఆ అమ్మాయి నొచ్చుకుంటూనే చెప్పింది.

ఆ వారమే మేస్త్రి మామూలు సర్కారు ఆస్పత్రికి వెళ్లాడు. వరండాలో బెంచీలన్నీ నిండి ఉన్నాయి. వీడియోలో చూసి అతణ్ణి గుర్తుపట్టిన ఒకాయన, కొత్త మయూఖ ఎప్పుడొస్తుందని ఆత్రంగా అడిగాడు. తెలియదన్నాడు మేస్త్రి.

“భలేవారే, మీకు తెలీకపోతే ఇంకెవరికి తెలుస్తుందండీ?” అంటూ ఆయన పక్కకు జరిగి చోటిచ్చాడు.

మేస్త్రి కూర్చున్నాడు.