విత్తనానికి వదిలిన ఆనపకాయ

మా అమ్మ ఆనపపాదుకు వేసిన పందిరి ఎంత పెద్దదో చెప్తే మీరు నమ్మరు. దాని కింద ఓ పెళ్లి చేసి, రెండు బంతుల భోజనాలు పెట్టి, మిగిలిన చోట పిల్లల్ని ఫుట్‌బాల్ ఆడుకోమనవచ్చు. టేపు పెట్టి కొలిచే దుర్మార్గులకు మాత్రం అది పది అడుగులకు పది అడుగులే. మలేషియా తీరాన కువాలా సెలంగోర్‌లో మా ఇంటి వెనక, మురుగుకాలవకూ వంటింటి గోడకూ మధ్య ఉన్న ఆ కాస్త నేలలోనే అమ్మ నలభై ఏళ్లు సేద్యం చేసింది.

ఆ ఆనప విత్తనాన్ని మా ముత్తవ్వ చీరకొంగున ముడేసుకుని విజయనగరం వైపు నుంచి ఓడెక్కిందని మా ఇంట్లో చెప్పుకుంటారు. నన్నడిగితే ఓడ బయల్దేరిందే ఆ విత్తనం కోసం. తోటకూలీలను దారిలో ఎక్కించుకున్నారు, అంతే. అప్పట్నుంచీ ఏ కాపుకా కాపు, మొదటి కాయను కోయకుండా వదిలేసి, తొడిమకు ఎర్రగుడ్డ పేలిక కట్టడం మా ఇంటి ఆచారం. అది విత్తనానికి. పాదు ఎండి, కాయ చెక్కలా గట్టిపడి, ఊపితే గలగలమనేదాకా దాని జోలికి ఎవరూ పోకూడదు. చిన్నప్పుడు నేనొకసారి దానిమీద వేలు పెడితే, "అది ఇత్తనానికి ఒగ్గీసినాన్రా, సెయ్యి తియ్!" అని అమ్మ అరిచిన అరుపుకు సముద్రం అవతల సుమత్రాలో కోళ్లు నిద్ర లేచాయి.

అమ్మ ఊరందరికీ విత్తనాలు పంచింది. కానీ ఊరందరి పెరళ్లూ సిమెంటయిపోయాయి. వాటిలో ఇప్పుడు కార్లు మాత్రమే కాస్తున్నాయి. ఈ ఏడాది విత్తనాల సీసాలో ఉన్న గింజలన్నీ తనే నాటేసింది. చూపు ఆనక, ఎన్ని మిగిలాయో తెలియలేదు కాబోలు. మొలిచింది ఒక్కటి. అది పందిరెక్కి మొదటి పిందె వేసిన వారానికి అమ్మ పోయింది. పేలిక మాత్రం కట్టే పోయింది.

దినవారాలయ్యాక, ఉత్తరాన సుంగై పెటానిలో ఉండే మా అక్క తన ఇంట్లో కారు పెట్టుకునే చోట సిమెంటు పగలగొట్టించి మట్టి పోయించింది. "నాకు నాలుగ్గింజలు సాలు తమ్ముడూ," అంది. ప్రపంచంలో ఆ నాలుగ్గింజలూ ఉన్నది ఆ ఒక్క కాయలోనే.

పందిరికి సముద్రం వైపు అమ్మ ఓ పాత చేపలవల కట్టి ఉంచేది. మాకు తెల్లవారుజాముల్లో సుమత్రా గాలి వస్తుంది. పాస్‌పోర్టూ గీస్‌పోర్టూ లేకుండా జలసంధి దాటొచ్చి, అరగంటలో నాలుగిళ్ల రేకులు లేపి వెళ్లిపోతుంది. దాన్ని ఆపడానికి వలా! గాలి ఇటు దూరి అటు పోతుంటే ఇక కట్టడం దేనికి? నేను చదువుకున్నవాణ్ణి. వల విప్పేసి, మా తెలుగువాళ్ల సంఘం ఏనాటిదో ఉగాది విందు బ్యానరు తెచ్చి బిగించి కట్టాను. మావాళ్లు ప్రాణమైనా వదులుకుంటారు గానీ పాత బ్యానరు పారెయ్యరు. దానిమీద కార్యవర్గం మొత్తం, పదమూడుమంది, చేతులు జోడించి నవ్వుతున్నారు. మర్యాద తెలిసిన గాలైతే అక్కడే దండం పెట్టి వెనక్కి తిరగాలి.

ఫోనులో అక్కకు గొప్పగా చెప్పాను.

"వల తీసీసినావా? ఎందుకురా?"

"దాన్నిండా కన్నాలే అక్కా."

"వలకి కన్నాలుండక ఏటుంటాయిరా! గాలికి దారి ఒగ్గాల. అడ్డెడితే తగువుకొస్తాదని అమ్మ సెప్పనేదా? మళ్లీ కట్టీ, ఇప్పుడే."

"రేపు కట్టేస్తాన్లే."

గాలి రేపటిదాకా ఆగింది గానీ, నేను లేచేదాకా ఆగలేదు. చప్పుడుకి మెలకువ వచ్చి వెనక తలుపు తీసేసరికి బ్యానరు తెరచాపలా ఉబ్బి ఉంది. పదమూడుమంది పెద్దలూ బుగ్గలు పూరించారు. ఒక గుంజ ఫటక్కున విరిగింది. ఇక్కణ్ణుంచి నేనేమీ పెంచి చెప్పడం లేదు. పందిరి లేచింది. గుంజలతో, తీగలతో, కాయలతో సహా లేచి కాలవ గట్టుమీద పడింది. వానలో పరుగెత్తి పాదు మొదలు రెండు చేతులా పట్టుకున్నాను. వేళ్లు అప్పటికే పైకి వచ్చేసి ఉన్నాయి. నేను పట్టుకున్నది దేన్నో నాకే తెలియలేదు.

వాన వెలిశాక కాయలు ఏరాను. పదకొండు. అమ్మ ఉన్నప్పుడు రోజుకో కాయ చొప్పున కోసుకునేవాళ్లం. ఆ పొద్దుట పంటంతా ఒక్కసారే ఇంట్లోకి వచ్చింది. పక్కింటి మలాయ్ పెద్దావిడకు రెండిస్తే, చేతుల్లో పట్టుకుని, ఖాళీ అయిన చోటుకేసి చూస్తూ నిలబడింది. ఎర్రపేలిక కాయను మాత్రం తెగిన తీగతోనే వంటింటి కిటికీకి వేలాడదీశాను. అక్కతో, బతుకులో మొదటిసారి, ఒక సంగతిని తగ్గించి చెప్పాను. "కొంచెం గాలేసింది అక్కా."

శనివారం అక్క బస్సు దిగి వచ్చింది. సంచిలో కడిగి ఎండబెట్టిన గాజుసీసా ఉంది. ఇంట్లోకి వస్తూనే పెరటి తలుపులోంచి బయటికి చూసింది. కిటికీ దగ్గరికి వెళ్లి కాయమీద గోరు నొక్కింది. విత్తనపు కాయమీద గోరు దిగకూడదు. చివరిదాకా దిగింది.

"ముదరనేదురా."

"ఇలాగే వేలాడితే ముదురుతుందేమో."

"తీగ తెగినాక ఏటి ముదురుతాది!"

కాయను కోసింది. గింజలు వరసగా ఉన్నాయి, తెల్లగా, తడిగా. ఒకదాన్ని వేళ్ల మధ్య నొక్కితే నీళ్లయిపోయింది. ఇంకోటి నొక్కింది. అదీ అంతే. అక్క నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. దానికి జవాబులు ఓ పాతిక సిద్ధం చేసుకున్నాను.

కాయ ముక్కలు దగ్గరికి లాక్కుని, "ఒండీసెద్దాం," అంది. "అమ్మ ఏనాడైనా ఆనపకాయ పారబోసిందేటి?"

కొబ్బరిపాలు పోసి తనే వండింది. మా ఇంట్లో ఎర్రపేలిక కట్టిన కాయను వండడం అదే మొదలు. కూర బాగుంది. అంత బాగుండకుండా ఉండాల్సింది. గింజలను వేరుగా తీయలేదు. నమలనక్కర్లేకుండానే దిగిపోయాయి.

చివర్లో అక్క గిన్నె ఊడ్చి, మిగిలిందంతా నా కంచంలోనే వేసింది.

"తిను," అంది.

తిన్నాను.