అట్టపెట్టెకు పెట్టిన బొట్టు

అమీర్‌పేటలో ఏ మెట్లెక్కినా జావా నేర్పే రోజుల్లో నేను మందుల ఎగుమతి ఆఫీసులో టైపు కొట్టేదాన్ని. "ఇంకా ఆ మాత్రలేనా?" అని హాస్టల్లో అందరూ ఏడిపించేవాళ్లు. అవి ఎయిడ్స్ మాత్రలు. ఆఫ్రికాలోని ఒక పేద దేశం విదేశీ సాయం డబ్బుతో మా దగ్గర కొనేది. పెద్ద కంపెనీల ధరకైతే ఆ డబ్బు ఏ మూలకూ చాలదు. ఆ సంగతి తెలిశాక నాకు జావా మీద మోజు పోయింది.

గోదాము పంజాగుట్ట వెనక సందులో ఉండేది. దాన్ని చూసుకునే అన్న, పైపెట్టెకు పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టందే లారీని కదలనిచ్చేవాడు కాదు. "ఎవలో ఏమో, మంచిగ కావాలె గద," అనేవాడు. అందులో నాకు ఇప్పటికీ తప్పు కనిపించదు. కానీ ఒకసారి వానకు ఆ కుంకుమ కరిగి కింది పెట్టెలదాకా ఎర్రగా కారింది. మందులో ఏదో కలిసిందని ఆ దేశపు విమానాశ్రయంలో సరుకంతా ఆపేసి సంజాయిషీ అడిగారు. అక్కడి ఆసుపత్రిలో నిల్వ అడుగంటుతోంది. ఆ మాత్రలు ఒక్క పూట కూడా మానకూడదు.

"రంగు ఒలికిందని రాసెయ్యండి. బొట్టంటే నవ్వుతారు," అన్నారు మేనేజరు గారు.

మందుల నాణ్యత చూసే మేడం ఒప్పుకోలేదు. ఆవిడకు ఆదివారం చర్చికి వెళ్లడం ఎంత తప్పదో, నిజం చెప్పడమూ అంతే. "మనల్ని నమ్మే కదండీ రోగులు మింగేది. ఒక్క అబద్ధం దొరికితే రేపు మాత్రను కూడా నమ్మరు," అన్నారు. బొట్టు ఎందుకు పెడతారో ఉన్నదున్నట్టు నాచేత టైపు చేయించారు. లోపలి డబ్బాల సీళ్ల వివరాలు, పరీక్ష కాగితాలు జతచేసి పంపారు. అంత గర్వంగా నేను మళ్లీ ఏ ఉత్తరమూ టైపు చేయలేదు.

సరుకు వదిలారు. మర్నాడు అక్కడి ఆసుపత్రి నుంచి ఫ్యాక్సు వచ్చింది. మందు అందిందని, అంతకుముందు రెండు రోజులు మాత్రం వచ్చినవాళ్లను ఉత్తచేతులతో పంపామని రాశారు.

మేడం అది చదువుతుండగానే గోదాము అన్న వచ్చాడు. సరుకు ఆగినప్పటినుంచి తిండి సయించక మనిషి సగమయ్యాడు.

"నా బొట్టుతోని ఎవలకన్న గోలీలు ఆగినయా మేడం? జర నిజం చెప్పుండ్రి."

మేడం ఫ్యాక్సును మడిచి బ్యాగులో పెట్టుకున్నారు. నావైపు చూడలేదు.

"ఎవరికీ ఆగలేదన్నా," అన్నారు. "వెళ్లి అన్నం తినండి."