తెలుగు సారు మీసం మీద పద్యం

నిన్న తిరుమలగిరి అంగడిలో ఒక మేక తోక ఊపుతుంటే మన తెలుగు సారు మీసం యాదికొచ్చింది. దోస్తులారా, ఆ పొద్దు మనం బడికి పోయేసరికే నల్లబల్ల మీద రాసి ఉన్న పద్యం గుర్తుందా?

"సారు మీసం మేకతోక తీరు,
తుమ్మితే చాలు బడంతా పరారు!"

సారు వస్తూనే, "ఎవడురా రాసింది?" అన్నాడు. అందరం పక్కోడి దిక్కు చూశాం.

"సరే, గీ పద్యంల ఏ అలంకారమున్నదో చెప్పుండ్రి."

నేనొక్కడినే లేచాను. "ఉపమాలంకారం సార్. మీసాన్ని తోకతోటి పోల్చిండ్రు."

"తెలిసినోడే రాస్తడు. నువ్వే!" అని చెవి మెలిపెట్టాడు. మీరంతా నన్ను దొంగను చూసినట్టు చూశారు.

ఇంటికి పోతే మా అవ్వ, "చెవికి గీ సుద్ద ఎక్కడిదిరా?" అని తుడిచింది.

నా చెవి పట్టేసరికి సారు ఇంకా పాఠమే మొదలుపెట్టలేదు. మరి ఆ వేళ్లకు సుద్ద ఎట్లా అంటింది?

నా అనుమానం సారు మీదనే. మీది ఇంకా నా మీదనేనా?